అగడ్త నిండిన వేసవి

మా పెరటి నూతిలో చేద వేస్తే నీళ్ల చప్పుడుకు బదులు ఇసక గీసుకున్న చప్పుడు వినిపించిన వేసవి అది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఏడాది నిండలేదు. నేను గడవలసకు కాపరానికొచ్చాక అది రెండో వేసవి.

సుమ్మాదేవి స్టేషనులో బండి దిగి, జీడితోటల్లోంచి సముద్రం వైపు నడిస్తే వచ్చే ఊరు గడవలస. ఊరి చుట్టూ మట్టిగట్లు. పూర్వం ఎవరో రాజు కట్టించిన కోట అంటారు గాని, కోట అనిపించేదేదీ అక్కడ మిగల్లేదు. ఒక రాయి లేదు, ఒక బురుజు లేదు. మేకలు ఎక్కీ దిగీ అరగదీసిన గట్లు, వాటి మీద తాటిచెట్లు, మొగలిపొదలు. గట్టుకు బయటివైపు పొడుగునా ఒక పల్లం, దాని అవతల ఇంకో చిన్న గట్టు. అందులో కొందరు పశువుల్ని మేపుకునేవారు, కొందరు కూరపాదులు పెట్టుకునేవారు. నేనైతే ఆ గట్టును కోటగా ఎన్నడూ చూడలేదు. బయటికి వెళ్లాలంటే ఎక్కి దిగవలసిన ఆయాసం, అంతే.

ఇంట్లో మేం నలుగురం. మా మావగారు పోయాక పెత్తనం మా అత్తగారు కామాక్షమ్మది. మా ఆయన కూర్మనాథం పలాసలో మాస్టారు, సెలవులకు ఇంటికొచ్చి ఉన్నారు. మా చినమావగారు వేంకటాచలం శివాలయంలో అర్చకులు. భార్య పోయిన మనిషి, మాతోనే భోజనం. పూజ అయ్యాక ఆయన రోజంతా ఉత్తరపు పల్లంలోనే ఉండేవారు. అక్కడ ఆయన చెలమ తవ్వుకుని వంగతోట వేశారు. ఆ వేసవిలో ఊరు మొత్తం మీద పచ్చగా ఉన్నది ఆ తోట ఒక్కటే.

మా అత్తగారు మడి మనిషి. ఇంకొకరి నూతి నీళ్లు ముట్టరు. నూయి ఎండిపోయాక ఆవిడ కొబ్బరినీళ్ల మీదే బతికారు. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరికాయలకు లోటు లేదు కదా. తూర్పు గట్టు అవతల క్రైస్తవుల పేట నుంచి లూకా రోజూ కాయలు దింపి తెచ్చి, మా పెరటిగోడ మీద పెట్టి వెళ్లేవాడు. అతను నాలుగడుగులు దూరం వెళ్లాక అత్తగారు వచ్చి తీసుకునేవారు. ఇద్దరికీ అది అలవాటే. లూకా కూడా ఆవిడ వచ్చేదాకా నిలబడేవాడు కాదు.

వైశాఖంలో ఓ మధ్యాహ్నం మా పెయ్యదూడ తాడు తెంపుకుని పోయింది. దాన్ని వెతుక్కుంటూ పడమటి గట్టు మూల మీదికి ఎక్కాను. మహేంద్రగిరి వైపు నుంచి దుమ్ము లేచింది. ఆ దుమ్ము వెనకాలే వాన. దిగడానికి వ్యవధి లేదు. తాటిచెట్టు మొదలు కావలించుకుని కళ్లు మూసుకున్నాను. వచ్చినంత తొందరగానూ పోయింది ఆ వాన. కళ్లు తెరిచి చూస్తే ఎండ.

అప్పుడు చూశాను. పల్లం నిండా నీళ్లు నిలిచి ఉన్నాయి. ఒక వైపు కాదు, నాలుగు వైపులా. గీత గీసినట్టు తిన్నగా సాగి, మూల దగ్గర చక్కగా మళ్లి, మళ్లీ తిన్నగా సాగి, మా ఊరంతటినీ చుట్టుకుని ఎండలో మెరుస్తున్నాయి. మధ్యలో మా పెంకుటిల్లు, శివాలయం, గడ్డివాములు. రోజూ తిట్టుకుంటూ దాటే ఈ గట్టును ఎవరో ఒకనాడు కొలుచుకుని, తవ్వి, తట్టలతో మోసి కట్టారన్నమాట.

చూస్తూండగానే నీళ్లు కదిలాయి. అన్నీ ఒక్క వైపే వెళ్తున్నాయి. ఆగ్నేయం మూల బయటిగట్టుకు పెద్ద గండి ఉంది. ఆ గండిలోంచి ఎర్రగా దూకి, సముద్రం దారి పట్టాయి. కాసేపటికి పల్లంలో బురద తప్ప ఏమీ మిగల్లేదు. ఇటు తిరిగి చూస్తే, కొండల నుంచి వచ్చే గెడ్డవాగు వాయవ్యం మూలకు ఆనుకునే పారుతోంది. బయటిగట్టును రాసుకుంటూ వెళ్లిపోతోంది గాని లోపలికి రావడం లేదు. గెడ్డకూ పల్లానికీ నడుమ ఒక ఇసకమేట అడ్డం.

ఇంటికి పరుగెత్తుకుని వచ్చాను. దూడ నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది.

"దూడ దానంతటదే వచ్చింది. నువ్వేటే, ఇలా తడిసిపోయి వచ్చావు?" అన్నారు అత్తగారు.

"అత్తయ్యా, ఆ గండి పూడ్చేస్తే నీళ్లు నిలుస్తాయి. ఊరి చుట్టూ నిలుస్తాయి. మన నూతిలోకి ఊట వస్తుంది."

"ముందు తల తుడుచుకో" అన్నారావిడ. కాని నేను తల తుడుచుకుంటున్నంతసేపూ నన్నే చూస్తున్నారు.

మర్నాడు తెల్లవారగానే మా ఆయన్ని గట్టెక్కించాను. ఏటవాలు ఎండలో పల్లం నీడ నల్లగా, నాలుగు వైపులా తెలుస్తోంది. ఆయన గట్టంతా చుట్టి వచ్చారు. వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది, మొహం మాత్రం పిల్లాడిలా ఉంది.

"ఇది అగడ్త, సుభద్రా. బళ్లో పిల్లలకి బొమ్మ గీసి చూపిస్తాను, కోట చుట్టూ అగడ్త ఉంటుందని. పుట్టి పెరిగింది అగడ్త ఒడ్డునే. ఒక్కనాడూ చూడలేదు."

అక్కడి నుంచి తిన్నగా పేటకు వెళ్లాం. లూకా వాళ్ల చర్చికి పెద్ద. మట్టిపనికి వెళ్లే జట్టుకూ అతనే మేస్త్రీ. వాళ్ల వాకిట్లో మూటలు కట్టి ఉన్నాయి. లూకా భార్య దోర్కాస్ గిన్నెలు గోనెలో సర్దుతోంది.

"కరగ్‌పూర్ కూలికి ఎల్లిపోతన్నాం బాబూ" అన్నాడు లూకా. "పేట నూయి ఉప్పెక్కిపోనాది. పిల్లలకి ఏటి పట్టమంటారు?"

నేను చూసింది చెప్పాను. తొందరలో ముందుది వెనకా వెనకది ముందూ చెప్పి ఉంటాను. లూకా తల అడ్డంగా ఊపాడు.

"గండి కట్టడం పెద్ద పనేటి కాదమ్మా. గెడ్డ ఇటు రావాల గదా. నీరు రాని గుంటకి గట్టెందుకు?"

"గెడ్డ గట్టును రాసుకునే పోతోంది లూకా. మధ్యన ఉన్నది ఇసకమేటే."

"ఓపాలి ఎల్లి సూడరాదేటి" అంది దోర్కాస్, గోనెలోంచి తల ఎత్తకుండానే. "బండి రేపూ ఉంటాది."

వెళ్లి చూశాడు. ఇసకమేట మీద గొంతుక్కూర్చుని, గుప్పెడు ఇసక తీసి వేళ్ల మధ్య నుంచి జారవిడిచాడు. చాలాసేపటికి లేచాడు.

"తొలకరి దాకా ఉంటాం. అప్పటికీ నీరు రాకపోతే మరి మమ్మల్ని ఆపకండి."

ఆ సాయంత్రం మా వీధి అరుగు మీద చినమావగారు గొంతు పెంచారు. ఆయన గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు.

"ఊళ్లో పచ్చగా ఉన్నది ఆ నాలుగు వంగమొక్కలే. ఆడపిల్ల వానలో ఏదో చూసిందని దాన్ని ముంచేస్తారా? అదీగాక, పేటవాళ్లు తవ్విన నీళ్లు పేటవాళ్లవీ అవుతాయి. వాటితో స్వామికి అభిషేకం ఎలా చెయ్యను?"

మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. బాబాయి ముందు ఆయనకు నోరు లేవదు. అత్తగారు గుమ్మంలో కూర్చుని కొబ్బరి కోరుతున్నారు. చెయ్యి ఆపలేదు.

"ఇప్పుడు ఏం నీళ్లు పోస్తున్నావు స్వామికి?"

"చెలమ నీళ్లు."

"ఆ చెలమ ఎన్నాళ్లుంటుంది?"

చినమావగారు తోట ఉన్న వైపు తిరిగారు.

"ఆ పల్లంలో మీ అన్నగారి వాటా సగం ఉంది" అన్నారు అత్తగారు. "ఆ సగం నేను ముంచుకుంటాను."

"సగం మునిగితే మిగతా సగం తేలుతుందా వదినా?"

"తేలదు. అందుకే నీకు ముందే చెపుతున్నాను."

ఆయన కండువా దులుపుకుని లేచి గుడికి వెళ్లిపోయారు. ఆ రాత్రి భోజనానికి మాత్రం వచ్చారు.

పని మొదలయింది. మొదట లూకా జట్టు ఒక్కటే తవ్వేది. తర్వాత మా ఆయన పంచె ఎగ్గట్టి పార పట్టుకున్నారు. మాస్టారు పార పట్టిన తీరు చూసి నవ్వడానికి వచ్చినవాళ్లు, నవ్వడం అయ్యాక వాళ్లూ దిగారు. పొద్దున్నే చల్లపూట పని, ఎండెక్కితే ఆపడం, మళ్లీ సాయంత్రం. అత్తగారు జీడిచెట్టు కింద అంబలి కుండలు పెట్టించారు. మా వాళ్లకొక కుండ, పేటవాళ్లకొక కుండ.

ఇసకమేట దగ్గర ఒకనాటి పొద్దున్న లూకా గునపం ఖణేలుమంది. అందరం అటు పరుగెత్తాం. చేతులతో ఇసక తోడాం. ఎర్రరాయి పలక. దాని పక్కన ఇంకొకటి. తోడుతున్నకొద్దీ రాళ్లు వరసగా బయటపడ్డాయి. అటూ ఇటూ గోడలు, పైన పలకలు, మనిషి వంగి దూరేటంత తూము. నోరు గెడ్డ వైపు, తోక పల్లం వైపు. లోపలంతా ఇసక కూరుకుపోయి ఉంది.

లూకా వంగి లోపలికి చెయ్యి పెట్టి ఆ గోడను తడిమాడు. "ఇసక తీసీడమే మన పని. దారి ఆళ్లే ఏసీసి ఎల్లినారు."

మా ఆయన ఆ బురదలోనే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టారు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకే తెలీదు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. ఆ కబురు ఊళ్లోకి పోయాక ఇంట్లో కూర్చున్నవాళ్లెవరూ లేరు. ముసలివాళ్లు కూడా గట్టెక్కి ఆ రాళ్లు చూసి, పార దొరక్కపోతే చేతులతో ఇసక తోడారు. అక్కుపల్లి నుంచి చేపలు అమ్మడానికి వచ్చే మనిషి తట్ట దింపి, ఓ పూట మట్టి మోసి, ఎండకు పాడైన చేపల్ని మా ఊరి పిల్లులకు వదిలేసి పోయింది.

తూములో ఇసక తీసి, గెడ్డ వైపు నోటికి మాత్రం చిన్న అడ్డుకట్ట ఉంచారు. ఇక గండి. తాటిదుంగలు పాతి, వాటి నడుమ కొబ్బరిమట్టలు పరిచి, పైన బంకమట్టి పోసి దిమ్మిసలతో కొట్టాలి. మళ్లీ మట్టలు, మళ్లీ మట్టి. గండికి రెండు పక్కల నుంచీ రెండు వరుసలుగా నిలబడి తట్టలు అందించుకునేవాళ్లం. మా వరుస ఊరివైపు, పేటవాళ్ల వరుస అటువైపు. ఆ రెండు వరుసలూ కలవకూడదని ఎవరూ అనలేదు. అనకుండానే అందరం జాగ్రత్తగా ఉన్నాం.

జ్యేష్ఠం సగంలో ఒక మధ్యాహ్నం మహేంద్రగిరి కనిపించడం మానేసింది. కొండ ఉండాల్సినచోట నల్లటి మబ్బు. గాలి ఆగిపోయింది. గండి ఇంకా మూసుకోలేదు, మనిషి రెండు చేతులూ చాపినంత సందు మిగిలిపోయింది, అదీ మా వైపు.

"కొండ మీద పడిపోతంది" అన్నాడు లూకా. "గెడ్డ ఒచ్చీసిందంటే ఆ అడ్డుకట్ట ఆగదు. గండి మూయకపోతే, ఈ కట్టినదంతా కొట్టుకుపోద్ది. బేగి మట్టి అందీండి."

మా వైపు మట్టి అయిపోయింది. మా గోతిలో ఇప్పుడొచ్చేది ఇసక. మంచి బంకమట్టి పేటవాళ్ల గోతిలోనే ఉంది. వాళ్ల వరుస చివర దోర్కాస్, మా వరుస చివర నేను. ఇద్దరికీ మధ్య ఒక మనిషి పట్టే జాగా. దోర్కాస్ నిండు తట్ట ఎత్తుకుని నిలబడింది. చెయ్యి చాపలేదు. నేనూ చాపలేదు. ఆమె నా వైపు చూసింది, నేను జీడిచెట్టు కింద కూర్చున్న అత్తగారి వైపు చూశాను. గండిలో నడుంలోతు గోతిలో నిలబడ్డ లూకా "మట్టి, మట్టి" అంటున్నాడు. ఎవరి కోసం ఆగామో అతనికి కనపడదు.

మా అత్తగారు జీడిచెట్టు కింద నుంచి లేచారు. మడిచీర కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకున్నారు. గట్టు దిగి వచ్చి, మా ఇద్దరి మధ్యా నిలబడి, దోర్కాస్ వైపు చేతులు చాపారు.

"ఇయ్యవే. ఎంతసేపు మోస్తావు?"

దోర్కాస్ ఇచ్చింది. అత్తగారు తట్ట అందుకుని నాకిచ్చారు. ఆ బరువుకు ఆవిడ ఒక అడుగు తూలారు. మళ్లీ నిలదొక్కుకుని ఇంకో తట్టకు చేతులు చాపారు.

గట్టు మీద నుంచి చినమావగారు చూస్తున్నారు. "వదినా, పైకి రా" అన్నారు.

"చేతిలో పని ఉంది. తర్వాత మాట్లాడదాం" అన్నారు అత్తగారు, అటు తిరక్కుండానే.

ఆ తర్వాత ఎవరూ ఎవరి వైపూ చూసుకోలేదు. తట్ట వచ్చేది, పోయేది. వరుసలు రెండన్న మాట పోయింది. నా పక్కన ఎవరు నిలబడ్డారో, ఎవరి చెమట నా చేతి మీద పడిందో ఆ జోరులో తెలియలేదు. అరచేతులు మండుతున్నాయి. ఆ మంటే బాగుంది. చివరి మట్టలు పరిచి, చివరి మట్టి పోసి, లూకా దిమ్మిస ఎత్తి కొడుతూండగా వాయవ్యం మూల నుంచి కేకలు వినిపించాయి.

గెడ్డ వచ్చింది. అడ్డుకట్టను తినేసి తూములో దూరింది. ఆ హోరు మేమున్న చోటికి వినపడింది. అందరం తట్టలు వదిలేసి, ఊళ్లోంచి అడ్డంపడి ఆ మూల గట్టెక్కాం. తూములోంచి నీరు పల్లంలోకి బుసకొడుతూ వచ్చింది. ముందర నురగ, ఆకులు, చచ్చిన తొండలు, దాని వెనక ఎర్రటి నీరు. ఆ నీటి తల వెంట గట్టు మీద ఊరంతా పరుగు. నేనూ పరుగెత్తాను. కొంగు మొగలిపొదకు తగులుకుంటే చింపుకుని పరుగెత్తాను. వాన కొడుతోంది. మా పక్కనే, మా కంటే కిందుగా, నీళ్లూ పరుగెడుతున్నాయి. మూల దగ్గర అవి కాస్త ఆలోచించినట్టు ఆగి సుడి తిరిగి, మలుపు తిరిగాయి. వాటితో పాటు మేమూ తిరిగాం.

ఆ మలుపు దాటాక ఉత్తరపు వైపు వంగతోట వచ్చింది. మొక్కలు ఒక వరస తర్వాత ఒక వరస తలలు వంచి మునిగిపోయాయి. చినమావగారు అక్కడ నిలబడే చూశారు. మేం ఆయన్ని దాటుకుంటూ పోయాం. పోతూ పోతూ నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన కూడా మెల్లగా గండి వైపే నడిచి వస్తున్నారు.

నీళ్లు తూర్పు పల్లంలోంచి వచ్చి గండి కట్టను ఢీకొన్నాయి. కట్ట ఒక్కసారి అదిరింది. దుంగలు కిర్రుమన్నాయి. ఆగింది. వెనక నుంచి ఇంకా ఇంకా నీరు వచ్చి నిండుతోంది. లూకా, మా ఆయన, ఇంకా కొందరు కట్ట బయటివైపు దిగి భుజాలు ఆనించి నిలబడ్డారు. మేమంతా నీళ్ల వైపే చూస్తున్నాం.

"లూకా, నీ ఎడమ కాలు పక్కన. ఊట కారుతోంది, అక్కడ తొక్కు" అని గట్టు మీద నుంచి గొంతు వినిపించింది. చినమావగారిది.

అంత పైనున్న ఆయనకు తప్ప అది ఎవరికీ కనపడేది కాదు. లూకా చూసుకున్నాడు. అడుగున వేలంత ధార. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యంత అయ్యేది. మట్ట కుక్కి, మట్టి పోసి, ఎక్కి తొక్కాడు. ఆగింది. తల ఎత్తి చూసేసరికి చినమావగారు ఇంటిదారి పట్టారు.

మర్నాటికి అగడ్త నిండింది. ఊరు ద్వీపంలా అయింది. తూర్పు వైపు తాటిదుంగలు అడ్డంగా వేసుకుని దాటేవాళ్లం. చీకటిపడే దాకా పిల్లల్ని నీళ్లలోంచి బయటికి లాగడమే పెద్దవాళ్ల పని. నాలుగు రోజులు గడిచాక మా నూతిలో చేద మునిగింది. పేటలో మూటలు విప్పారు. ఒకటి రెండు కుటుంబాలు మాత్రం ముందే అనుకున్న ప్రయాణం అని కరగ్‌పూర్ వెళ్లిపోయాయి. లూకా వెళ్లలేదు.

చినమావగారు మాత్రం ఆ మర్నాటి నుంచే మా వంటింట్లో భోజనం మానేశారు. పడమటి వసారాలో విడిగా పొయ్యి పెట్టుకున్నారు. తగవు లేదు, మాట పట్టింపు లేదు. "నా చేత కాదు వదినా, అంతే" అన్నారు. "నీ ఇష్టం. బియ్యం పంపిస్తాను" అన్నారు అత్తగారు. ఆయన వసారాలో చెయ్యి కాల్చుకున్న రోజున ఆవిడ గుమ్మం దాకా వెళ్లి, ఆగి, వెన్న నా చేత పంపించారు. మా ఇంట్లో ఆ రెండు పొయ్యిలూ అలా ఉండిపోయాయి. అది మా అత్తగారికి బాధ. అయినా ఆ మధ్యాహ్నం గురించి ఆవిడ ఒక్కసారి కూడా, అలా చెయ్యకుండా ఉండాల్సిందని అనలేదు. చేశానని కూడా అనలేదు.

ఆషాఢం వస్తూండగా లూకా పార భుజాన వేసుకుని వచ్చాడు. అగడ్తలోకి దిగడానికి గట్టుకు మెట్లు కొయ్యాలి. లేకపోతే ఆడవాళ్లు బిందెలతో జారి పడుతున్నారు. అత్తగారితో నేనూ గట్టు మీదికి వెళ్లాను. దోర్కాస్ అప్పటికే అక్కడ ఖాళీ బిందెతో నిలబడి ఉంది. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. అటు ఒడ్డున తాటిచెట్లు తలకిందులుగా కనపడుతున్నాయి.

లూకా పార నేలకు ఆనించి అడిగాడు. "రేవులు రెండు కొయ్యమంటారేటి అమ్మగోరూ? తమరికొకటి ఇటేపు, మాకొకటి అటేపు?"

అత్తగారు గట్టు వాలు వైపు చూశారు. గట్టు గట్టిదనం చూస్తున్నారనే అనుకున్నాను.

"మట్టిగట్టు కదా లూకా. రెండు చోట్ల కోస్తే జారిపోతుంది" అన్నారు. "ఒకటే కొయ్యి. వెడల్పుగా కొయ్యి."

లూకా ఒకసారి దోర్కాస్ వైపు చూసి, తలగుడ్డ బిగించుకుని పార ఎత్తాడు.